కడ్డీ కోసిన సైకిల్

పోయిన వారం మా కాలనీ గేటు దగ్గర ఆగిన బండి మీద ఒక మామిడిపండు తీసుకుని వాసన చూశాను. పండు వాసన కంటే ముందు ఇంకొకటి ముక్కుకు తగిలింది. వెల్లుల్లి, తడిసిన సున్నం, కొంచెం కిరసనాయిలు కలిపితే వచ్చే వాసన. కార్బైడు. పండ్లు తొందరగా మగ్గాలని వేశారన్నమాట. "తేనె లెక్కుంటది సారూ, తీస్కోండి" అంటున్నాడు బండివాడు. నేను పండు కింద పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ వాసన చూశాను. నా భార్య నావైపు వింతగా చూసింది. తినడానికి పనికిరాని ఆ పండు వాసన నాకెందుకు అంత ఇష్టమో ఆమెకు చెప్పాలంటే మా మామ సైకిల్ షాపు దగ్గర మొదలుపెట్టాలి.

నేనింకా ముసలివాణ్ణి కాలేదు, తల కూడా పూర్తిగా నెరవలేదు. అయినా ఆ షాపులో ఉన్న వస్తువుల జాబితా రాస్తే ఇవాళ వాడుకలో ఉన్నవి రెండో మూడో తేలతాయి. గంట లెక్కన కిరాయికిచ్చే సైకిళ్ళు ఎనిమిది. అందులో రెండు పిల్లలవి. చక్రానికి రాసుకుంటూ వెలిగే డైనమో లైట్లు ఒక గంపెడు. చక్రాల ఇరుసుల్లో తిరిగే ఇనుప గోళీలు పోసిన సిగరెట్ డబ్బాలు, సైజుకొకటి. పాత ట్యూబులు కత్తిరించిన పట్టీల కట్ట. పంచరు చూసే నీళ్ళ తొట్టి, అంటే అడ్డంగా కోసిన తారు డ్రమ్ము. మూలన మామ ప్రాణంగా చూసుకునే గ్యాసు డ్రమ్ము. అందులో కార్బైడు రాళ్ళు వేసి నీళ్ళు పోస్తే గ్యాసు పుట్టేది. విరిగిన ఫ్రేములు ఇత్తడితో అతికేది ఆ మంటతోనే.

పాల్వంచ నుంచి బూర్గంపాడు పోయే తారు రోడ్డును విడిచి, అడవిలోకి ఒక కంకర దారి చీలే చోట ఉండేది ఆ షాపు. ముందు తాటాకుల పందిరి, వెనక మామ వాళ్ళ ఇల్లు. ఐటీఐలో ఫిట్టరు ట్రేడు పూర్తిచేసి, అప్రెంటిస్ పిలుపు కోసం ఎదురుచూస్తూ నేను క్వార్టర్లో ఉన్న రేడియో విప్పితే మా నాన్నకు కోపమొచ్చింది. "కూసోని ఇంట్ల సామాన్లన్ని ఖరాబు చేస్తున్నవ్. మీ మామ దగ్గరికి పో, విప్పినందుకు బువ్వన్న పెడ్తడు" అని బస్సెక్కించాడు. అలా ఒక ఎండాకాలమూ, దాని వెంట వచ్చిన వానాకాలంలో కొంత భాగమూ నేను సైకిల్ మెకానిక్‌ని.

నా సంచిలో బట్టలతో పాటు ఒక స్టీలు స్కేలు, ఒక నోటుపుస్తకం, ఒక వెర్నియర్ కాలిపర్ ఉన్నాయి. మామ కాలిపర్‌ని తిప్పి తిప్పి చూశాడు.

"ఇదేంది రా అల్లుడా, ఎండ్రకాయ లెక్కున్నది?"

"గోళీల సైజు కొలిచేది మామా. మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా చెప్తది."

మామ డబ్బాలోంచి ఒక గోళీ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించాడు. "ఇది ముందు చక్రానిది. నా ఎండ్రకాయ కూడ చెప్పింది" అని మళ్ళీ డబ్బాలో వేశాడు.

మామకు తెలిసిన విద్యల్లో ఒకదాన్ని నేను నోటుపుస్తకంలో పట్టికగా రాసుకున్నాను. వెనక చక్రం ఫ్రీవీలు విప్పి కిరసనాయిల్లో కడిగితే పళ్ళెం అడుగున మట్టి దిగుతుంది. దాన్ని చూసి ఆ సైకిల్ ఎక్కడ తిరిగిందో చెప్పేవాడు. మెత్తటి బూడిద దిగితే పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీ మనిషి. నల్లగా ఉండి వేలికంటితే వదలకపోతే బొగ్గుబాయి. జిడ్డుగా ముద్దకట్టే రేగడైతే జూలూరుపాడు వైపు పత్తి చేలు. మెరిసే ఇసుకైతే గోదావరి ఒడ్డు. ఎర్ర కంకర పొడి అయితే మన అడవి దారే. ఒకసారి పక్క ఊరి ఆసామి సైకిల్ కడుగుతూ, "ఏం బావా, చేనుకాడ కావలి పండుకుంటున్న అని మా చెల్లెకు చెప్తున్నవట. చేనుల గింత ఇసుక ఎక్కడిది? గోదారి ఒడ్డున పేకాట మంచిగ నడుస్తున్నదా?" అన్నాడు. ఆసామి పళ్ళెం వైపు చూసి, మామ వైపు చూసి, "నువ్వు సైకిల్ బాగుచేస్తవా, కాపురం చెడగొడ్తవా?" అని మెల్లగా అడిగాడు.

మధ్యాహ్నం అత్త చింతచిగురు పప్పు, మామిడికాయ తొక్కు పెట్టేది. నా చేతులకున్న రబ్బరు సొల్యూషన్ వాసన సబ్బుకు పోయేది కాదు. మొదటి వారం పప్పు కూడా సొల్యూషన్ లాగే ఉండేది, తర్వాత అదే రుచి అనుకున్నాను. అడవి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు తునికి పండ్లో, ఎండిన ఇప్పపువ్వో ఆకులో చుట్టి తెచ్చి అత్తకిచ్చేవారు. నేను చేసిన అల్లరి కూడా ఒకటి చెప్పాలి. మూత బిగిసే పాల డబ్బాలో చిటికెడు కార్బైడు, నాలుగు చుక్కల నీళ్ళు వేసి, అడుగున మేకుతో పొడిచిన బెజ్జం దగ్గర అగ్గిపుల్ల పెట్టాను. మూత పోయి కోళ్ళ గూటికి తగిలింది. రెండు రోజులు కోళ్ళు గుడ్డు పెట్టలేదు. "మీ ఐటీఐల గుడ్లు పెట్టుడు నేర్పిండ్రా? రేపటిసంది నువ్వే పెట్టు" అంది అత్త.

నేను వచ్చిన నెలలోనే మా షాపుకు నాలుగిళ్ళ అవతల, కిరాయి గదిలోకి ఒక నర్సు, వాళ్ళమ్మ వచ్చారు. ఊరంతా ఆమెను నర్సమ్మ అనేవారు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. బొగ్గుబాయిలో పనిచేసిన వాళ్ళ నాయన ఆ ముందటేడే పోయాడు.

ఆమె కష్టం ఏమిటంటే ఇది. వారానికొక రోజు టీకాల రోజు. పొద్దున బస్సులో, ఐసు పెట్టిన మందుల డబ్బా వచ్చేది. దాన్ని పట్టుకుని అడవిలో ఉన్న ఏడు గూడేలు తిరగాలి. ఐసు పూర్తిగా కరిగితే మందు పనికిరాదు. నడిచి తిరిగితే నాలుగు గూడేలు దాటేసరికి ఐసు అయిపోయేది. చివరి మూడు గూడేల పిల్లలకు ఎన్నో నెలలుగా ఒక్క టీకా పడలేదు. వానలు మొదలయ్యేలోపు ఏడూ తిరిగి చూపించకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని పైవాళ్ళు ఆమెకు చెప్పేశారు.

ఒకరోజు ఆమె పందిరి కిందికి వచ్చి నిలబడింది.

"అన్నా, కిరాయికి లేడీస్ సైకిల్ ఉన్నదా?"

"గీ అడవిల లేడీస్ సైకిల్ ఎవలు తొక్కుతరు బిడ్డా?"

"నేను తొక్కుత."

"తొక్కొస్తదా?"

"రాదు."

ఆ 'రాదు' అన్న తీరుకు మామ చేతిలో ఉన్న పానా కింద పెట్టేశాడు.

పది రోజులు నేర్పించాం. పిల్లల సైకిల్ మీద, షాపు వెనక దున్నని చెలకలో. నేను హ్యాండిల్ పట్టుకుంటే నలుగురూ నవ్వుతారని అత్త నన్ను తప్పుకోమంది. తనే కొంగు నడుముకు చుట్టి, క్యారేజీ పట్టుకుని వెనక ఉరికేది. అత్త పుట్టినప్పటి నుంచి సైకిల్ ఎక్కలేదు.

"ముందర చూడు బిడ్డా! కిందికి చూడకు, కిందికి చూస్తే కిందికే పోతవ్!"

"నీకెట్ల తెలుసు అత్తా?" అని నేను గట్టు మీద నుంచి అరిచాను.

"ఇరవై ఏండ్లసంది మీ మామ షాపుల పడ్డోళ్ళ మొఖాలు చూస్తలేనా!"

పదకొండో రోజు అత్త చేయి వదిలేసిన సంగతి తెలియకుండానే నర్సమ్మ చెలక చివరిదాకా పోయింది. అక్కడ ఆపడం రాక కంది కట్టెల కుప్పలోకి దిగింది. లేచి, మోచేతికి తనే మందు రాసుకుంది.

ఇక సైకిల్. కొత్త లేడీస్ సైకిల్ ఖమ్మం నుంచి తెప్పించే స్తోమతు ఆమెకు లేదు. ఇంట్లో వాళ్ళ నాయన సైకిల్ ఉంది. ఎత్తు ఫ్రేము, మగవాళ్ళది. చీర కట్టుకున్నవాళ్ళు దాని పై కడ్డీ దాటి కాలు వేయలేరు. కడ్డీ కోసి, కిందికి ఇంకో గొట్టం అతికితే లేడీస్ సైకిల్ అవుతుందని ఆ మాట మొదట అన్నది నేనే.

"కడ్డీ కోస్తే గొడ్డుకు ఎన్నుపూస గుంజినట్టే. నేను కొయ్య" అన్నాడు మామ.

నేను నోటుపుస్తకం తెరిచి బొమ్మ గీశాను. కొలతలు వేశాను. కింది గొట్టానికి సమాంతరంగా, నాలుగు వేళ్ళ ఎడంగా కొత్త గొట్టం, ముందొక అతుకు, సీటు గొట్టం దగ్గర ఒక అతుకు. మామ బొమ్మను దూరంగా పెట్టి చూశాడు.

"బొమ్మ మంచిగనే ఉన్నది. బొమ్మను గుంతలల్ల తొక్కరు గద."

అయినా ఆ సాయంత్రానికి ఒప్పుకున్నాడు. ఒక్క షరతు పెట్టాడు. పోయినవాళ్ళ సైకిల్ మీద, ఆ ఇంటి పెద్ద వచ్చి తన నోటితో చెప్పందే మామ పానా పెట్టడు. అది ఆయన పట్టింపు.

మర్నాడు నర్సమ్మ వాళ్ళమ్మే సైకిల్‌ను నడిపించుకుంటూ తెచ్చింది. స్టాండు వేసి, పై కడ్డీ మీద చేయి పెట్టింది. కడ్డీ నడిమధ్య జానెడు మేర రంగు పోయి ఇనుము మెరుస్తోంది.

"దీన్ని గీడనే కూసోబెట్టుకొని బడికి తీస్కపొయ్యేటోడు. కుచ్చుకుంటదని తువ్వాల చుట్టేటోడు" అంది, పక్కన నిలబడిన కూతురి వైపు చూడకుండా. "కొయ్యన్నా. గోడకు ఆనిచ్చి చూసుకుంటుంటే ఏమొస్తది? కోసిన ముక్క మాత్రం నాకియ్యాలె."

నేను కోశాను. చివరి పోగు తెగేటప్పుడు ఫ్రేము ఠప్పుమని విడింది. స్కేలు పెడితే మధ్య దూరం ముందుకన్నా ఐదు మిల్లీమీటర్లు పెరిగింది. నా బొమ్మలో ఈ ఐదు మిల్లీమీటర్లు లేవు.

"తెరుచుకున్నది మామా."

"అన్నేండ్లు గట్టిగ పట్టుకొని ఉన్నదాయె. ఇడిసిపెడ్తే ఒళ్ళు ఇరుచుకోదా?" అన్నాడు మామ. ఒక తాడు రెండు వైపులా బిగించి, మధ్యలో కట్టె దూర్చి మెలితిప్పుతూ పోయాడు. నేను స్కేలు పట్టుకుని చెబుతుంటే నాలుగు, మూడు, రెండు అని తగ్గి ఫ్రేము తన చోటికి వచ్చింది. కోసిన కడ్డీని వాళ్ళమ్మ కొంగులో చుట్టుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ముందు వైపు అతుకు మామ పెట్టాడు. వెలిగారం చల్లి, మంట చూపించి, ఇత్తడి తీగ కరిగి సందులోకి పాకేదాకా ఊపిరి బిగబట్టాడు. తర్వాత అత్త పొయ్యిలోంచి తెచ్చిన బూడిద కుప్పలో అతుకును పాతిపెట్టాడు. "దాన్నట్ల వెచ్చగ పండుకోనియ్యి. అదే లేస్తది" అన్నాడు. రెండో అతుకు నన్ను పెట్టమని, తను అన్నానికి పోయాడు.

గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, నేను బాగా అతికాను. ఇత్తడి చుట్టూ సమంగా పాకింది. సరిగ్గా అప్పుడు నర్సమ్మ వచ్చింది. మరుసటి రోజే టీకాల రోజు.

"అయిపోయిందా ఐటీఐ తమ్ముడూ?"

ఫ్రేము ఇంకా ఎర్రగా ఉంది. మా షాపులో ప్రతి వస్తువూ చివరికి పంచరు తొట్టిలోనే మునుగుతుంది. ట్యూబు, చెయిను, పానా, మా చేతులు. నా చేయి కూడా దాని అలవాటున అది పోయింది. "చూడండి" అని ఫ్రేము ఎత్తి, అతుకు దాకా తొట్టిలో ముంచాను. సుయ్యిమని ఆవిరి పందిరి దాకా లేచింది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి, తర్వాత చిన్నపిల్లలా నవ్వింది. "అబ్బ! దోశ పోసినట్టున్నది!" అంది.

వేడి అతుకును ఒక్కసారిగా చల్లార్చకూడదని నాకు తెలియదా? ఇత్తడి, ఇనుము ఒకే తీరుగా ముడుచుకోవు. తొందరపెడితే మధ్యలో వెంట్రుకవాసి పగులు వస్తుంది. ఆ ప్రశ్న నాకు పరీక్షలో వచ్చింది. పదికి తొమ్మిది మార్కులొచ్చాయి.

మామ వచ్చి అతుకు మీద చేయి పెట్టాడు. "చల్లగున్నదేంది? బూడిదల పెట్టినవా?"

"అవ్ మామా."

"జల్దీనే చల్లారింది."

నేను నల్లరంగు డబ్బా మూత తీసే పనిలో పడ్డాను. అతుకు మీద రెండు పూతలు వేశాను. ఒకటి సరిపోయేది.

పొద్దున బస్సు వచ్చింది. డబ్బాను క్యారేజీకి కట్టాం. వాళ్ళమ్మ హ్యాండిల్‌కు పసుపు కుంకుమ పెట్టింది. నర్సమ్మ కడ్డీ లేని సైకిల్ మీద కాలు అలవోకగా అటు వేసి, అత్త "ముందర చూడు" అని అరుస్తుండగా, కంకర దారిలో మలుపు తిరిగిపోయింది. అత్త కళ్ళు తుడుచుకుంది. నేను లోపలికి వచ్చి, పంచరు పని ఒకటి ఉంటే ట్యూబు తొట్టిలో ముంచాను.

అడుగున ఏదో మెరిసింది. వేలితో తీశాను. ఇత్తడి పెచ్చు, చింతగింజలో సగం. ఒక అంచు చుట్టుకుని నున్నగా ఉంది. ఇంకో అంచు విరిగిన బెల్లం ముక్కలా గరుకుగా ఉంది. కారి పడిన బొట్టు రెండువైపులా నున్నగా ఉంటుంది. ఇది అతుకులోంచి ఊడింది.

మామ ముందు దాన్ని అరచేతిలో పెట్టి చూపించాను. "మామా, రెండో అతుకును నేను నీళ్ళల్ల ముంచిన. నిన్న నీకు అబద్ధం చెప్పిన."

నేను దెబ్బకు సిద్ధపడ్డాను. మామ చేతులు కడుక్కున్నాడు. కొన్ని ట్యూబు పట్టీలు, తాడు, కత్తెర సంచిలో వేసుకుని కిరాయి సైకిల్ ఒకటి బయటికి తీశాడు. "ఎక్కు" అన్నాడు.

క్యారేజీ మీద నేను. మొదటి గూడెం దాటేదాకా మామ జోరుగా తొక్కాడు. తర్వాత వెనక్కి తిరగకుండా అన్నాడు. "తప్పెవడన్న చేస్తడు. నిన్న నేనడిగినప్పుడు చెప్తే, ఇయ్యాల్ల గామె గీ అడవిల ఒక్కతె ఉండకపోవు."

రెండో గూడెం దాటాక వాగు వస్తుంది. ఎండాకాలం కదా, నీళ్ళు లేవు, అన్నీ గుండ్రాళ్ళు. ఆ రాళ్ళ మధ్య ఆమె కనిపించింది. పడలేదు. సైకిల్‌ను నడిపిస్తోంది, ఒక చేయి హ్యాండిల్ మీద, ఒక చేయి డబ్బా మీద. రెండో గూడెం ముసలాయన ఒకరు వెనక నుంచి సీటు పట్టుకుని సాయం వస్తున్నాడు. సీటు గొట్టం దగ్గర, నేను రెండు పూతలు వేసిన చోట, నల్లరంగు చీలి అతుకు నోరు తెరిచింది. సైకిల్ కదిలినప్పుడల్లా ఆ నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది.

"కిర్రుకిర్రుమన్నది అన్నా. భయమేసి దిగిన" అంది ఆమె మామతో.

"మంచి పని చేసినవ్ బిడ్డా. దాన్ని గీడ ఇడిసిపెట్టి, నా ఎనక ఎక్కు. ఇంక ఐదు ఊర్లు నేను తిప్పుత."

"మా నాయన సైకిల్‌ను అడవిల ఇడిసిపెట్టి రాను."

మామ వాదించలేదు. ముసలాయనను వెదురు అడిగాడు. ఆయన నడుముకున్న కత్తితో ఒక వెదురు కొట్టి, రెండుగా చీల్చి తెచ్చాడు. కొత్త గొట్టానికి చెరో పక్క ఒక బద్ద పెట్టి, ట్యూబు పట్టీలతో కట్టాలని మామ ఆలోచన. మామ కట్టిన మొదటి కట్టు రెండు చుట్లకే జారింది. ముసలాయన పెద్దగా నవ్వాడు.

"ఇరిగిన కాలుకు కట్టు ఎవరు కట్టాలె? నర్సమ్మ ఉండంగ నువ్వెందుకు కడ్తన్నవ్?"

నర్సమ్మ కొంగు దోపుకుని కూర్చుంది. పట్టీని సాగదీస్తూ, ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పేలా, అతుకు దగ్గర ఏటవాలుగా దాటించి మళ్ళీ సీటు గొట్టం మీదికి తిప్పుతూ కట్టుకుంటూ పోయింది. పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి అందించడం నా పని. మామ నావైపు చూశాడు. చెప్పాల్సింది నేనే.

"సిస్టర్, అతుకు నా వల్ల పగిలింది. వేడి మీద నీళ్ళల్ల ముంచకూడదు."

ఆమె చేయి ఆగలేదు. "ముంచకూడదని నీకు ముందే తెల్సా?"

"తెల్సు."

"మరెందుకు ముంచినవ్?"

ఇంకో కారణం వెతికాను, దొరకలేదు. "మీరు నిలవడి చూస్తున్నరని."

ముసలాయన మళ్ళీ నవ్వాడు. ఆమె నవ్వలేదు. ముడి వేసి, గట్టిగా లాగి, అప్పుడు నా ముఖంలోకి చూసింది.

"ఎవరో చూస్తున్నరని నేను సూది ఉడకపెట్టకుండ పొడుస్తనా తమ్మీ?"

నేను మిగిలిన పట్టీలు ఏరి సంచిలో వేశాను.

డబ్బా మూత కొంచెం ఎత్తి చూసింది. ఐసు సగానికి వచ్చింది. బరువు తగ్గాలని డబ్బాను మామ క్యారేజీకి మార్చాం. కట్టు కట్టిన సైకిల్ మీద ఆమె, ముందు మామ. నాకు చోటు లేదు. "ఉరుకు" అన్నాడు మామ. ఉరికాను. నా స్లిప్పర్ ఒకటి మూడో గూడెం పొలిమేరలో తెగింది. రెండోది కూడా తీసేశాను. ఐదు ఊళ్ళకూ చివరగా చేరింది నేనే. చేరేసరికి మూడు రాళ్ళ పొయ్యి మీద సూదులు ఉడుకుతుండేవి, తల్లులు వరసలో ఉండేవారు, పిల్లలు సూది పడకముందే ఏడుస్తుండేవారు. ఏడో గూడెంలో, నర్సమ్మను చూడటం అదే మొదటిసారైన ఒక ముసలామె మమ్మల్ని ముగ్గురినీ చూసి, "ముగ్గురు నర్సులొచ్చిండ్రా?" అని అడిగింది. అక్కడ చివరి పిల్లవాడికి సూది వేశాక ఆమె డబ్బాలో చేయి పెట్టి, మిగిలిన ఐసు తీసి మాకు చూపించింది. కుంకుడుకాయంత ఉంది. ఎండలో వెలుగుతోంది. దాన్ని ఆ పిల్లవాడి నోట్లో వేసింది. వాడు ఏడుపు ఆపి, చల్లదనానికి ఆశ్చర్యపోయి, మళ్ళీ ఏడ్చాడు.

తిరుగుదారిలో సైకిల్‌ను నేను నడిపించుకుంటూ వచ్చాను. ఆమె పక్కన నడిచింది.

"మా అమ్మకు నేను చెప్ప. నువ్వు చెప్పాలె" అంది.

పొద్దుగూకే వేళకు వాళ్ళ గది ముందు నిలబడ్డాను. వాళ్ళమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. వెదురు బద్దలు, నల్లటి కట్టు చూసి చేట పక్కన పెట్టింది. నేను ఎక్కడా ఆపకుండా చెప్పేశాను. ముంచడం, అబద్ధం చెప్పడం, రంగు పూయడం.

"పిల్లకు దెబ్బ తాకిందా?"

"లేదమ్మా."

"ఏడు ఊర్లు అయినయా?"

"అయినయి."

ఆమె నా కాళ్ళ వైపు చూసింది. అప్పుడే నేనూ చూసుకున్నాను. కంకర మీద ఉరికిన పాదాలు పగిలి ఎర్రమట్టి, నెత్తురు కలిసి ఎండిపోయాయి. లోపలికి పోయి వేడినీళ్ళలో పసుపు వేసి తెచ్చింది. "కూసో" అంది. నేను వద్దన్నాను. "కూసో అంటున్న" అంది. సైకిల్ పాడైన కోపం నా మీద చూపిస్తుందేమో అనుకున్నాను గానీ ఆమె నా పాదం మీద నీళ్ళు పోస్తూ, మళ్ళీ టీకాల రోజుకు ఇంకా ఎన్ని రోజులుందో లెక్కపెట్టుకుంటోంది.

గుమ్మం అవతల మామ నిలబడి ఉన్నాడు. "అక్కా, రేపు పాత ఇత్తడంత తీసేసి నేనే మళ్ల అతుకుత. మా పోరగాన్ని ముట్టనియ్య" అన్నాడు.

ఆమె తల ఎత్తలేదు. "నువ్వొద్దన్నా. ఈ పిలగాడే అతకాలె. నువ్వు పక్కన కూసో" అంది.

మర్నాడు నేను అతికాను. మామ పక్కన కూర్చుని బీడీ తాగాడు. బూడిదలో పాతిపెట్టి, ఆ రోజు వేరే పని ముట్టకుండా దాని పక్కనే ఉన్నాను. అత్త అన్నం అక్కడికే తెచ్చింది. నర్సమ్మ రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది. నేను ఈసారి రంగు వేయలేదు. పగులు వస్తే అందరికీ కనిపించాలనుకున్నాను.

వానలు గట్టిగా మొదలయ్యేసరికి నాకు అప్రెంటిస్ కాగితం వచ్చింది. తర్వాత పరీక్షలు చాలా రాశాను. ఇప్పుడు నా పని అతుకులు తనిఖీ చేయడం, సంతకం పెట్టడం. ఫ్యాక్టరీలో అతుకు పగిలితే అతికినవాణ్ణి పక్కన పెట్టి ఇంకొకణ్ణి పిలుస్తారు. పద్ధతి అదే, నేనూ చాలాసార్లు అలాగే రాశాను. రాసిన ప్రతిసారీ కలం కాసేపు ఆగుతుంది.

మూడేళ్ళ క్రితం పని మీద బూర్గంపాడు పోతూ ఆ అడ్డరోడ్డులో దిగాను. తాటాకు పందిరి పోయి రేకులు వచ్చాయి. కిరాయి సైకిళ్ళు లేవు. మోపెడ్లకు గాలి కొట్టే యంత్రం ఒకటి దడదడలాడుతోంది. మామ చూపు తగ్గింది, గోళీలను మాత్రం ఇంకా వేళ్ళతోనే గుర్తుపడుతున్నాడు. నేను పోయిన తర్వాత తను పదకొండు సైకిళ్ళ కడ్డీలు కోశానని చెప్పాడు. అంగన్‌వాడీ టీచరుది ఒకటి, హైస్కూలు ఆడపిల్లలవి మిగతావి. ప్రతిదానికీ ఇంటి పెద్దను పిలిపించాడట.

"నర్సమ్మ?" అని అడిగాను.

"పర్మినెంటైంది గద. ఆరేండ్లు తిరిగింది గిదే దారిల. ట్రాన్స్‌ఫరైతే సామానుతోని సైకిల్‌ను కూడ బస్సు మీదికెక్కించింది. కండక్టరు వద్దంటే కొట్లాడింది. తాళ్ళు కట్టిచ్చింది నేనే."

"అతుకు చూసినవా మామా?"

"చూసిన."

"ఎట్లున్నది?"

మామ టైరు లోపల వేళ్ళు పెట్టి ముల్లు వెతుకుతున్నాడు. వెతుకుతూనే, తల ఎత్తకుండా, "ఉన్నది" అన్నాడు.